దిగేముందు వచ్చే నొప్పులు

కెప్టెన్ మహబూబ్ బాషాకు ఆకాశంలో ఉన్నంతసేపూ ఏ జబ్బూ ఉండదు. కింద రన్‌వే కనబడితే చాలు, ఒంట్లో ఏదో ఒకటి మొరాయిస్తుంది. హుబ్బళ్ళిలో మోచెయ్యి పట్టేస్తుంది. మైసూరులో మెడ తిరగదు. బెంగళూరుకు వచ్చేసరికి ఎక్కిళ్ళు.

"హేమంతూ, నా వల్ల కాదప్పా. నువ్వే దించల్ల."

గ్రానైట్ వ్యాపారి గిరిధర్‌కు ఉన్న ఎనిమిది సీట్ల జెట్‌కు బాషా కెప్టెన్, హేమంత్‌కుమార్ కో-పైలట్. ఎప్పుడో ఒక కుర్ర పైలట్ విమానాన్ని దబ్బున దించినప్పుడు గిరిధర్ తెల్ల పంచె మీద కాఫీ ఒలికింది. అప్పటినుంచి ఆయనది ఒకటే ఆజ్ఞ: తను లోపలుంటే కెప్టెనే దించాలి. కానీ కెప్టెన్‌కే ఒళ్ళు బాగుండకపోతే ఎంత గిరిధర్ అయినా ఏం చేయగలడు?

"సార్, భుజం లేస్తా లేదు. పిల్లోడు దించుతాడు," అని బాషా మైకులో చెప్పేవాడు.

"ఉండప్పా, కాఫీ తాగేస్తా!" అని వెనకనుంచి కేక వచ్చేది.

గిరిధర్ భార్య వరూధిని మంచి మనిషి. కెప్టెన్ నొప్పులకు తైలాలూ చూర్ణాలూ పంపేది. ఆయన వాటిని కళ్ళకద్దుకుని తీసుకునేవాడు. చొక్కా జేబులో మాత్రం ఎప్పుడూ ఒక బామ్ డబ్బీ. నొప్పి వచ్చిన ప్రతిసారీ దాన్ని తీసి చూపించి, మళ్ళీ జేబులో పెట్టుకునేవాడు.

హేమంత్‌కు ఒళ్ళు మండేది. తోటివాళ్ళంతా ఎయిర్‌లైన్స్ యూనిఫాం వేసుకుని ఫొటోలు పెడుతున్నారు. తనేమో యజమాని కారు కోసం గంటలకొద్దీ ఎండలో నిలబడతాడు, పెట్టెలు ఎక్కిస్తాడు, క్యారియర్‌లో సాంబారు వేడిగా ఉందో లేదో చూస్తాడు. పెట్టెలు మోసేది తను, నడుం పట్టేది ఆయనకు! కుందలహళ్ళిలోని తన అద్దె గదిలో మంచమెక్కినా చిరాకుతో కాళ్ళు ఊపుతూనే ఉండేవాడు. చివరికి ఒక ఎయిర్‌లైన్స్‌కు అప్లై చేశాడు. పిలుపు వచ్చింది. లీవు అడగడానికి వెళ్ళాడు.

"మా మేనత్త కూతురి పెళ్ళి సార్."

"శానా సంతోషమప్పా," అన్నాడు బాషా. "ఏ ఎయిర్‌లైన్స్‌లో?"

ఈయన గిరిధర్‌కు చెబితే ఉన్న ఉద్యోగమూ పోతుందని హేమంత్ భయపడ్డాడు. బాషా లీవు కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చేశాడు.

మరుసటి రోజే మంగళూరు. వాన, గుట్ట మీద రన్‌వే, విమానాన్ని పక్కకు నెట్టే గాలి. సరిగ్గా అప్పుడే బాషా రెండు కళ్ళూ మూసుకున్నాడు.

"దుమ్ము పడిండాదప్పా."

"తలుపులన్నీ మూసి ఉంటే దుమ్మెట్లా వస్తుంది సార్?"

"నా ఖర్మకు తలుపులుండవప్పా. విమానం ముక్కు గాలికి తిప్పు. ఆ... ఇంకొంచెం ఎడమకు."

కళ్ళు మూసుకున్న మనిషికి ఎడమ ఎంతో ఎలా తెలిసిందని హేమంత్‌కు అప్పుడు తట్టలేదు. ఆయన చెయ్యి కంట్రోల్స్ పక్కనే, పట్టుకోవడానికి సిద్ధంగా గాల్లో ఉండటమూ గమనించలేదు. పళ్ళు బిగబట్టి దించాడు. మనసులో మాత్రం తిట్టాడు.

పరీక్షనాడు, నేలమీదే ఉత్తుత్తి విమానం నడిపించి చూసే సిమ్యులేటర్ గది బయట చైతు అనే కుర్రాడు పక్కన కూర్చున్నాడు. వాడూ ఎవరిదో సొంత విమానంలో కో-పైలట్.

"టెన్షన్‌గా ఉంది బ్రో. మూడేళ్ళలో మా కెప్టెన్ ఒక్క ల్యాండింగ్ ఇస్తే ఒట్టు. ఓనర్ ఒప్పుకోడట. నా పని రేడియో, బ్యాగులు, బిర్యానీ. నీకు?"

"దాదాపు అన్నీ నేనే దించుతాను. మా కెప్టెన్‌కు నొప్పులు."

"దిగేటప్పుడేనా?"

"దిగేటప్పుడే."

చైతు పడీపడీ నవ్వాడు. "అన్ని నొప్పులుంటే మెడికల్ ఎట్లా పాసవుతాడు బ్రో?"

హేమంత్ కాలు ఊపడం ఆపేశాడు. పోయిన నెలే బాషా పైలట్ల మెడికల్ పరీక్ష పాసయ్యాడు. గుండె గుర్రంలా ఉందని డాక్టరే అన్నాడట.

లోపల ఒక ఇంజిన్ ఆపేశారు. పక్కగాలి పెట్టారు. హేమంత్ చేతులు మంగళూరును గుర్తు తెచ్చుకున్నాయి. చక్రాలు మెత్తగా ఆనాయి.

"సొంత విమానాలనుంచి వచ్చేవాళ్ళకు ఇంత అలవాటుండదే," అన్నాడు పరీక్షించే ఆయన. "నీకెలా దొరికింది?"

"మా కెప్టెన్ ఆరోగ్యం అస్సలు బాగుండదు సార్," అన్నాడు హేమంత్.

ఉద్యోగం ఖాయమైంది. నోటీసు గడువు ముగిసిన తర్వాతి వారం హేమంత్ మిఠాయి పొట్లంతో పాత ఎయిర్‌పోర్టులో విమానాలు నిలిపే హ్యాంగర్‌కు వెళ్ళాడు. కెప్టెన్ బాషా రెండు చేతుల్లో రెండు పెద్ద పెట్టెలతో విమానం మెట్లు ఎగబాకుతున్నాడు. హేమంత్‌ను చూడగానే పెట్టెలు దించి నడుం పట్టుకున్నాడు.

"తలనొప్పిగా ఉంది సార్. మీ బామ్ ఇవ్వండి."

బాషా తటపటాయిస్తూ డబ్బీ ఇచ్చాడు. పైన చుట్టిన ప్లాస్టిక్ కాగితం ఇంకా అలాగే ఉంది. గడువు తేదీ దాటి రెండేళ్ళయింది.

"అరవద్దప్పా," బాషా గొంతు తగ్గించి, లోపల మీటలు సరిచూస్తున్న కొత్త కో-పైలట్ రమ్య వైపు చూపించాడు. "ఆ పాప ఇంకా పక్కగాలిలో దించేది నేర్చుకోవల్ల."

ఇంతలో గిరిధర్ కారు దిగాడు. "ఏమప్పా బాషా, ఈపొద్దన్నా ఒళ్ళు బాగుండాదా?"

"బాగే ఉండాది సార్, కాకపోతే..." బాషా ఆగిపోయాడు. ఇన్నేళ్ళకు ఆయన దగ్గర నొప్పులు అయిపోయినట్టున్నాయి.

"మెడ సార్!" అన్నాడు హేమంత్. "పొద్దుటినుంచి ఆయనకు మెడ తిరగడం లేదు."

బాషా మెడ ఠక్కున ఎడమకు వాలిపోయింది.

గిరిధర్ పెద్దగా నిట్టూర్చి, రమ్య వైపు తిరిగాడు.

"అమ్మా, దించే ముందు ఒక మాట చెప్పు. కాఫీ తాగేస్తా."