వరికోతల్లో ఇప్పపువ్వు రాలదు

సహోదరులారా, సహోదరీలారా, ఈ సాక్ష్యం విన్నాక మీలో కొందరికి కోపం రావచ్చు. అయినా చెప్తాను. నా దేవుడు నన్ను మంచం మీది నుంచి లేపింది మిమ్మల్ని సంతోషపెట్టడానికి మాత్రమే కాదు.

నేను గోదావరి ఒడ్డున చర్ల దగ్గర పుట్టి, అక్కడే ఏడో తరగతి దాకా తెలుగు చదువుకుని, పెళ్ళయ్యాక రాష్ట్రం దాటి ఆవపల్లి పక్కనున్న ఈ గూడేనికి వచ్చినదాన్ని. ఊళ్ళో ఎవరికి ఏ లెక్క కావాలన్నా నా గుమ్మం దగ్గరికే వస్తారు. ఫలానా పిల్ల పుట్టింది తునికాకు కోతకు ముందా తర్వాతా, ఫలానా ఎద్దును కొన్నది ఏ సంతలో, ఇవన్నీ నన్నే అడుగుతారు. నేను చెప్తే తిరుగు లేదు. అలాంటి నేను పోయిన ఏడాది వరికోతలు మొదలైన వారంలో, సంత మరునాడు, కొడవలి చేతిలో ఉండగానే చేనులో కూలిపోయాను!

చలి, జ్వరం, మళ్ళీ చలి. మా ఊరి ఆరోగ్య కార్యకర్త, మేం మితానిన్ అంటాం, వేలు పొడిచి రక్తం చూసి మలేరియా అని చెప్పి ఆసుపత్రికి పంపింది. మందులు వేశారు, సెలైన్లు పెట్టారు, జ్వరం తగ్గింది, దేవునికే మహిమ, ఆ మందులకూ మహిమ దేవునికే. డాక్టరు చివరి రోజున నా మోకాళ్ళు తట్టి చూసి, "బుఖార్ ఉతర్ గయా దాయీ, అబ్ ఘర్ జాకే చలో ఫిరో" అన్నాడు. జ్వరం దిగిపోయింది, ఇంటికెళ్ళి నడవమని. కానీ ఇంటికి వచ్చాక నా కాళ్ళు నన్ను మోయలేదు. కూర్చోబెడితే కూర్చున్నాను, నిలబెడితే తడిసిన గడ్డిలా ఒరిగిపోయాను. ముద్ద మింగుడు పడలేదు. ఇక నేను పోతానని ఊరంతా అనుకుంది, నేనూ అనుకున్నాను.

అప్పుడు మొదలైంది ఆ మాట. మా ఆడబిడ్డ ముత్తమ్మ నాకు పెట్టి పోసి, నా బట్టలు ఉతికి, తల్లిలా చూసుకున్న మనిషి, ఆమెను నేను ఒక్క మాట అనను. చూడటానికి వచ్చిన వాళ్ళు ఎందుకిట్లా అయిందని అడిగితే, మా పక్కింటి సోమి మా గుమ్మానికి వచ్చి పోయిందని చెప్పింది. సోమి మొగుడు పోయిన మనిషి, పిల్లల్లేరు, మాట కరుకు. అంతకు ముందు మా ఇద్దరికీ మా చేల మధ్య గట్టున ఉన్న ఇప్పచెట్టు గురించి గొడవైంది. ఇంకేం కావాలి? మొదట గుమ్మానికి వచ్చిందన్నారు. తర్వాత చేతిలో గంప ఉందన్నారు. తర్వాత ఆ గంపలోని ఇప్పపువ్వు మా గడప మీద గుమ్మరించిందన్నారు. చివరికి పెదాలు కదిపి ఏదో చదివిందన్నారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు సహోదరులారా, ఎవరికి వాళ్ళకు అది కంటికి కట్టినట్టే ఉంది!

నేను కళ్ళు మూసుకుని అన్నీ విన్నాను. విని విని ఒక రోజు నాకూ కనబడింది. గుమ్మంలో సోమి, కాళ్ళకు బూడిద, గంప నిండా మంచుకు తడిసిన తెల్లటి పువ్వు, ఆ తియ్యటి మత్తు వాసన ముక్కుకు తగిలింది. ఇక నాకు అనుమానం లేదు, నా కాళ్ళు కట్టేసింది సోమే. అంతవరకూ నాలుగు మెతుకులైనా మింగేదాన్ని, ఆ నాటి నుంచి అవీ మానేశాను.

మన సంఘం నుంచి కూడా ఇద్దరు సహోదరులు వచ్చారు. పేర్లు చెప్పను, ఇక్కడే కూర్చున్నారు. ప్రభువా, ఆ మంత్రగత్తె ఇంటి మీద నీ అగ్ని దింపు అని గట్టిగా ప్రార్థించారు. నేను ఆమెన్ అన్నానని వాళ్ళు ఈ రోజుకీ అంటారు. నా నోరు పెగల్లేదని నాకు గుర్తు. ఎవరిది నిజమో ఆ దేవుడికే తెలియాలి. కానీ సహోదరులారా, ఒక ఒంటరి ఆడమనిషి ఇంటి మీద నిప్పు అడగడం ఏ ప్రార్థన?

వడ్లు ఇళ్ళకు చేరే రోజుల్లో మా పటేల్ కబురు చేశాడు. మరునాడు పెద్దలు మా వాకిట్లో కూర్చుంటారు, వడ్డె వస్తాడు, అంటే గింజలు వేసి దేవుళ్ళను అడిగి రోగం ఎవరి వల్ల వచ్చిందో చెప్పే మనిషి. కానీ ఈసారి ఆయన గింజలు వేసి చూడనక్కర్లేదు, మంచం మీదున్న పెద్దమ్మ తేదీలు తప్పని మనిషి, ఆమె నోటితో చెప్తే చాలు, సోమిని ఊరు దాటిస్తాం అన్నాడు. నా నోటి మాట! నేనొకటి చెప్పానంటే ఏ రోజో, ఏ పూటో చూసుకునే చెప్పాను జీవితమంతా. ఇది ఏ రోజు జరిగిందని అడిగితే ఏం చెప్పాలి?

ముత్తమ్మ బయట కళ్ళంలో వడ్లు తూర్పారబడుతూ ఉంది. నేను గోడ వైపు తిరిగి ప్రార్థన చేశాను. "ప్రభువా, నా కాళ్ళ సంగతి తర్వాత చూద్దువుగాని. నేను చూసింది ఎప్పుడు చూశానో నాకు చెప్పు. నాకు చావంటే భయమే, కానీ తప్పు సాక్ష్యం నోట్లో పెట్టుకుని నీ ముందుకు రావడం అంతకన్నా భయం." అలా పడుకుని ఆ దృశ్యాన్ని మళ్ళీ తెచ్చుకున్నాను, గుమ్మం, బూడిద, గంప, తడి పువ్వు. అప్పుడే కిటికీలోంచి కొత్త గడ్డి వాసన కొట్టింది. సహోదరులారా, కొత్త గడ్డి వాసన, పచ్చి ఇప్పపువ్వు వాసన ఒక్క రోజున ఎలా వస్తాయి? ఇప్పపువ్వు రాలేది ఎండలు ముదిరేటప్పుడు. చెట్టు కింద ఆకు తగలబెట్టి శుభ్రం చేసి ఏరుతాం, ఆ కాళ్ళ బూడిద అదే. కోతల్లో ఎవరింట్లోనైనా ఎండి నల్లబడిన పువ్వే ఉంటుంది, తెల్లటి తడి పువ్వు ఎక్కడా ఉండదు. సోమి గంపతో వచ్చిన మాట నిజమే. వచ్చింది ఎండాకాలంలో, చెట్టు గొడవప్పుడు, మీ వైపు రాలినవి మీరే తీసుకోండని విసురుగా పోసి వెళ్ళింది. ఆ తర్వాత వానలు పడ్డాయి, నాట్లు వేశాం, కలుపు తీశాం, నేను ఆ చేనులో ఇంత లావు పని చేశాను, అప్పటిదాకా ఏమీ కాని కాళ్ళు కోతల్లో ఆ పువ్వుకు ఎలా పడిపోయాయి?

మరునాడు వాకిలి నిండా జనం. నన్ను మంచంతో సహా పంచలోకి తెచ్చారు. పటేల్ అడిగాడు.

"చెప్పు పెద్దమ్మా. నువ్వు చూసినవా లేదా?"

"చూసిన. పచ్చి పువ్వు చూసిన. వరి కోసేటప్పుడు పచ్చి ఇప్పపువ్వు ఎక్కడిది పటేలా? నీ చెట్టుకు పూసిందా?"

ఎవరో నవ్వారు. ముత్తమ్మ లేచి, "గదేంది వదినా, నా రెండు కళ్ళతోటి చూసిన గద!" అంది.

"చూసినవ్ బిడ్డా. ఎండకాలంల చూసినవ్. నేను గూడ గప్పుడే చూసిన. మనిద్దరం దాన్ని నా జ్వరం నాటికి ఇటు జరుపుకున్నం."

"ముసల్దానికి మతి పోయింది. దాని మాట ఇంటే పని గాదు, లేవండి, పోదాం," అన్నాడు వెనక నుంచి ఒకడు. కొందరు నిజంగానే సోమి ఇంటి వైపు తిరిగారు. వడ్డె మాత్రం కదల్లేదు. ఆ మనిషి గడ్డం గోక్కుంటూ ఆలోచిస్తున్నాడు.

నాకు ఎంత కోపం వచ్చిందో మీకు చెప్పలేను! "నిలబడండిరా!" అని అరిచాను, అరుస్తూనే ఉన్నాను, జనం నా ముఖం వదిలేసి నా కాళ్ళ వైపు చూస్తున్నారు, అప్పుడు తెలిసింది, నేను పంచ నిట్టాడు గుంజ పట్టుకుని నిలబడి ఉన్నాను!

వడ్డె నెమ్మదిగా అన్నాడు, "మతి పోయినోళ్ళు నెలలు లెక్కబెట్టరు. ఈమె చెప్పింది సరైందే. పువ్వుకు కాలముంటది. నేను గింజలు ఎయ్య." సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఆయన మన విశ్వాసి కాడు, అయినా ఆ రోజు న్యాయం పలికాడు, అది కూడా చెప్పకపోతే నా సాక్ష్యం అబద్ధం అవుతుంది. ఆయన వెళ్ళాక పెద్దలు ఒక్కొక్కరే లేచి ఇళ్ళకు పోయారు.

ఇప్పుడు నాతో వాదించే వాళ్ళకు జవాబు చెప్తాను. నేను ఎగిరి గంతేశానని, అదే రోజు ఆవపల్లి దాకా నడిచానని మన సంఘంలో ఒక కథ తిరుగుతోంది. ఆపండి! నేను నిట్టాడు పట్టుకుని కాసేపు నిలబడి, ముత్తమ్మ చేతుల్లో పడ్డాను. ఆ సాయంత్రం గిన్నెడు జావ తాగాను. రక్తం పట్టడానికి మాత్రలు మింగాను, కర్రతో వాకిలి దాటడానికి ఇప్పపువ్వు కాలం వచ్చింది, సంత దాకా పోయింది వానల ముందు. నా దేవుడు చేసిన పనికి మీ అలంకారాలు అక్కర్లేదు. ఇంకోవైపు, దంతెవాడలో చదువుకుంటున్న మా అన్న మనవరాలు, "అమ్మమ్మా, నీకు రోగం ఎప్పుడో తగ్గింది, మనసే పట్టుకుంది, భయం పోయాక కాళ్ళు వచ్చినయ్, అంతే గద" అంటుంది. అవును బిడ్డా, మనసే! భయం నా కాళ్ళు కట్టేసింది, నిజం విప్పింది, నేను కాదంటానా? అయితే నలుగురూ చెప్పి చెప్పి నాలో నాటిన ఆ దృశ్యాన్ని, నేనే నమ్మిన దాన్ని, అది తప్పని నాకు చూపించింది ఎవరు? నా అంతట నేనైతే సోమి పేరు చెప్పి హాయిగా చచ్చేదాన్ని. మనసు నాది, దాన్ని తిప్పిన చెయ్యి ఆయనది. దేవునికే మహిమ!

సోమి మన మందిరానికి రాలేదు. వస్తుందని మీ చప్పట్ల కోసం చెప్పను. ఆమె తన ఇంట్లో ఉంది, తన పొయ్యి వెలిగించుకుంటోంది, పొద్దున్నే నీళ్ళకు పోతూ నన్ను పలకరిస్తుంది. ముత్తమ్మ ఇప్పటికీ, "ఏమో వదినా, నాకైతే కోతలప్పుడే అనిపిస్తది" అంటుంది. అననివ్వండి. ఆమె గుర్తు ఆమెది, నా గుర్తు నాది, ఒక్క కుండలోనే తింటున్నాం.

మీలో మంచం పట్టిన వాళ్ళున్నారు, మంచం పక్కన కూర్చున్న వాళ్ళున్నారు. మందు వేసుకోండి, ప్రార్థన చేసుకోండి, ఆయనను నమ్మండి, ఆయన నమ్మదగినవాడు, నా రెండు కాళ్ళు అందుకు సాక్షి. భయం వేసినప్పుడు దాన్ని ఆయన పాదాల దగ్గర పెట్టండి. ఏ ఒంటరిదాని గడప మీదా పెట్టకండి.