పన్నెండో పరీక్ష

మా ఆయన సంతాప సభలో మిల్లు మేనేజరు మురళీమోహన్ గారు మైకు పట్టుకుని, "ముప్ఫై ఏళ్ళలో ఒక్క టేపు కూడా పోగొట్టని మనిషి కూర్మనాథం గారు" అన్నారు. అందరూ తలలూపారు. నేను ఊపలేదు.

మాది రాజాం. నేను పిల్లలకు వీణ చెప్పేదాన్ని. ఆయన ఊరి బయట జనపనార మిల్లులో, కంప్యూటర్ గదిలో టేపులు చూసేవారు. కూలీల హాజరు, ఏడాదికోసారి జరిగే ఊపిరితిత్తుల పరీక్షలు, అన్నీ అక్కడి పెద్ద కంప్యూటరైన మెయిన్‌ఫ్రేమ్‌లో ఉండేవి. పాతబడ్డవాటిని టేపుల మీదికి ఎక్కించి అలమరాలో పెట్టేవారు.

మిల్లుకి వెళ్ళే దారిలో అసిరయ్య చేను ఉండేది. అతనూ మిల్లు మనిషే, నార దువ్వే విభాగంలో. వరి చేను గట్టు మీద కంది వేసేవాడు, జాగా వృథా కాకూడదని. అది చూసే నేర్చుకున్నారో ఏమో, మా ఆయన కూడా హాజరు ఎక్కించాక టేపులో మిగిలిన జాగాలో, రెండో ఫైలుగా, ఊపిరితిత్తుల పరీక్షలు ఎక్కించేవారు. ఆ ఏర్పాటు ఆయన బుర్రలో తప్ప మరెక్కడా రాసి లేదు.

తొమ్మిదేళ్ళ క్రితం కొత్త పెట్టె వచ్చింది. అందులో టేపులుండవు, డిస్కులే. మెయిన్‌ఫ్రేమ్‌కి మాత్రం టేపులున్నట్టే కనిపిస్తుంది. బిగించడానికి వచ్చినవాళ్ళు పాత టేపులన్నీ అందులోకి నకలు చేసి, పరీక్షల జాబితా ఒకటి ఇచ్చారు. లేని టేపుని ఉన్నట్టు పిలవాలి, రాయాలి, తిరిగి చదవాలి, కరెంటు తీసి పెట్టాక కూడా ఉందో లేదో చూడాలి. మొత్తం పదకొండు. అన్నీ నెగ్గాయి. అన్నీ ఆ రోజే పుట్టించిన కొత్త టేపుల మీద చేసినవే.

జాబితా అడుగున మా ఆయన తన చేత్తో పన్నెండోది రాశారు. పాత టేపు నకలు ఒకటి చివరిదాకా చదివి, అసలుతో పోల్చాలి.

ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని మేనేజరు అన్నవీ తానన్నవీ ఆయనే చెప్పారు.

"ముహూర్తం పెట్టేసేక జాతకాలు సూత్తారేటండీ పంతులుగారూ? రేపు ఛైర్మన్ గారు కొబ్బరికాయ కొడతన్నారు."

"ఒక్క పూట ఇవ్వండి బాబూ, చాలు."

"టేపులే నేకుండా పోతన్నాయి. ఇంక టేపులాయనెందుకు అంతన్నారు పైవాళ్ళు. కొత్త పెట్టె కాడ కుర్చీ మీకే ఉంచమని నేను సెప్పేను. మీరేమో దాని మీదే అనుమానం రాత్తన్నారు."

"మరి ఏం చేశారు?" అని అడిగాను.

"సంతకం పెట్టాను" అన్నారు. అన్నం సగంలో చెయ్యి కడిగేసుకున్నారు.

కుర్చీ దక్కింది. నెల తిరక్కుండా పాత టేపుల్ని తుక్కు కొనేవాడు రిక్షాల్లో పట్టుకుపోయాడు. ఆ ఏడు పంట చేతికొచ్చే వేళకి మిల్లు దారి పొడుగునా చేలలో టేపుల్లోంచి లాగిన నల్లటి రిబ్బన్లు గాలికి బుయ్యిమంటూ పిట్టల్ని బెదిరించేవి.

మూడేళ్ళకి అసిరయ్య మా గుమ్మంలో కూలబడ్డాడు. రెండు మాటలకోసారి ఊపిరి కోసం ఆగుతున్నాడు.

"సుట్ట తాగి పాడుసేసుకున్నావు ఊపిరి అంతన్నారు మిల్లోళ్ళు. నాను జల్మలో సుట్ట ముట్టనేదమ్మా. సేరినప్పుడు బాగున్నాదని, ఏడాదేడాదికీ పాడైనాదని డాకటరు రాసినాడు కదా. ఆ కాయితం తీసియ్యి పంతులూ. సచ్చిపోయే ముందు నార దుమ్ము వల్లేనన్న మాట ఆళ్ళ నోట ఇనాల."

మర్నాడు ఆయన కొత్త పెట్టెలోంచి ఒక్కో ఏడాది టేపూ పిలిచారు. అసిరయ్య ఏ రోజు పనికి వచ్చాడో, ఏ రోజు రాలేదో, ఇరవై రెండేళ్ళవీ ఉన్నాయి. అక్కడితో సరి. నకలు చేసిన ప్రోగ్రాము మొదటి ఫైలు కాగానే ఆగిపోయింది. రెండో ఫైలు నకలైన ఒక్క టేపులోనూ లేదు.

ఆయన అసిరయ్య చేనుకి వెళ్ళారు. నేనూ వెంట వెళ్ళాను. అతను గట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"పోయాయి అసిరయ్యా. చూడకుండా సంతకం పెట్టింది నేనే."

అసిరయ్య రిబ్బన్ల వైపు గడ్డం ఎత్తాడు.

"అయ్యేనా?"

"అవే. ఇప్పుడు వాటినెవరూ చదవలేరు."

"పోన్లే. పిట్టలు బాగానే బెదురుతన్నాయి."

తిట్టి ఉంటే బాగుండేది. ఆయన చెప్పులు విడిచి చేలోకి దిగి, ఒక్కో కర్రకీ కట్టిన రిబ్బను విప్పి చేతికి చుట్టుకోవడం మొదలుపెట్టారు. అసిరయ్య వారించలేదు. ఆ పంట కోతకి అసిరయ్య లేడు. చుట్ట వల్లేనని మిల్లు కాగితంలో రాసుకుంది.

సభ నుంచి వచ్చి ఇంట్లో ఆయన ట్రంకు పెట్టె తెరిచాను. ఎండకి పెళుసెక్కిన రిబ్బను చుట్ట, దాని కింద ఆ జాబితా నకలు. పదకొండింటికీ టిక్కులున్నాయి. పన్నెండోదాన్ని ఆయనే అడ్డంగా కొట్టేశారు. దిద్దుబాటు చేసిన ప్రతిచోటా పొట్టి సంతకం ఉండాలని ఆఫీసు నియమం. ఆ కొట్టివేత పక్కన కూడా పెట్టారు, గుండ్రంగా, తేదీతో సహా.