కెర్నెల్‌కు చదివించిన వెయ్యిన్నూట పదహార్లు

ఆ రోజుల్లో, కివీల దేశానికి కొత్తగా వచ్చిన నేను, ఆల్బనీలో ఉద్యోగం దొరికిందంటే సగం సెటిల్ అయిపోయినట్టే అనుకునేదాన్ని. మిగతా సగం తొంభై రోజుల ట్రయల్ చేతిలో ఉండేది. ఆలోగా పని నచ్చకపోతే పంపించేయవచ్చు. నాతోపాటు నా వీసా కూడా బయలుదేరుతుంది. అలాంటిది ఎనభై ఎనిమిదో రోజు, ఉంచుతారో పంపుతారో చెప్పే మీటింగ్ మధ్యాహ్నం మూడింటికి ఉందనగా, పొద్దున పదింటికి ఆఫీసులో అందరం వాడే మెషీన్‌ను పడగొట్టాను. (ముహూర్తం పెట్టించుకున్నా అంత చక్కగా కుదిరేది కాదు.)

నాకప్పగించిన పని చిన్నదే. కంప్యూటర్ లోపల కెర్నెల్ అని ఒకటుంటుంది. ప్రోగ్రాములన్నీ దాని మాట వినాల్సిందే. ఒకేసారి మొత్తం ఎన్ని ఫైళ్లు తెరిచి ఉంచవచ్చో కూడా అదే తేలుస్తుంది. ఆ పరిమితి ఎంతుందో చదివి, చాలకపోతే పెంచే ప్రోగ్రాము నేను రాయాలి. చదివే భాగంలో గొప్పేముందని దాన్ని మర్నాటికి వాయిదా వేశాను. మార్చే భాగాన్ని పరీక్షించడానికి ఏదో ఒక అంకె కావాలి. మొదటిసారి కెర్నెల్‌కు నా చేత్తో ఇస్తున్నాను కదా, సున్నాతో ముగించడానికి మనసొప్పలేదు. మా ఇంట్లో ఏ పెళ్లిలో చదివించినా చివర పదహార్లు ఉండాల్సిందే. 1116 అని కొట్టి ఎంటర్ నొక్కాను. అంతకుముందు అక్కడ లక్షల్లో ఉండేదట.

నిమిషంలో అందరి ఫైళ్లూ తెరుచుకోవడం మానేశాయి. పక్క సీటులో భీమవరం అన్న (మేముండే మౌంట్ ఆల్బర్ట్ నుంచి రోజూ నన్ను కారులో తీసుకొచ్చే సీనియర్) నా స్క్రీన్ వైపు తొంగిచూశాడు.

"ఏం చేసేవమ్మా?"

"లిమిట్ మార్చానన్నా."

"ముందెంతుందో చూసేవా?"

"లేదు."

"చూడకుండా మార్చేసేవా! పోనీ, ఎంత పెట్టేవు?"

చెప్పాను. తల పట్టుకున్నాడు. "కెర్నెల్‌కి కట్నం చదివించేవా తల్లీ! మాట్లాడకుండా కూర్చో. మెషీన్ దానంతటదే పడిపోయిందనుకుంటారు."

కూర్చున్నాను. నిజంగానే భయమేసింది. కానీ ఆఫీసంతా చెప్పుల్లేకుండా తిరిగే మా కివీ మేనేజరు పాపం మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో వైరూ లాగి చూస్తుంటే రెండు నిమిషాలకు మించి ఉండలేకపోయాను. వెళ్లి చెప్పేశాను. ఆయనా అవే ప్రశ్నలు అడిగి, "ఆ అంకే ఎందుకు?" అన్నాడు. శుభమని, పెరగాలని అలా ఇస్తామని వివరించాను. (పెంచాల్సినదాన్ని తగ్గించి మరీ.) శ్రద్ధగా విని, "రీస్టార్ట్ చెయ్యి. నువ్వు పెట్టింది మెమరీలోనే ఉంటుంది, లేవగానే పాతదే వస్తుంది" అన్నాడు. అలాగే వచ్చింది.

మూడింటికి మీటింగ్ మూడు నిమిషాలే జరిగింది. "నువ్వు చెప్పకపోతే సాయంత్రం దాకా వైర్లనే అనుమానించేవాణ్ణి. నువ్వు ఉంటున్నావు. ఆ చదివే భాగం మాత్రం ఇవాళే రాయి." బాత్‌రూములోకి వెళ్లి కాసేపు ఏడ్చి వచ్చి, రాశాను. సాయంత్రం కారు హార్బర్ బ్రిడ్జి ఎక్కగానే అన్న, "నా సలహా వినలేదు గనక బతికిపోయేవు" అని ఇల్లు చేరేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

ఇప్పుడు నేనూ అన్నలాంటి సీనియర్ సీటులోనే ఉన్నాను. ఏది మార్చాలన్నా ముందు మూడుసార్లు చదువుతాను, ఇద్దరి చేత సరేననిపిస్తాను. నా చేతుల మీదుగా ఈ మధ్య ఏదీ పడిపోవడం లేదు. నన్ను చూసి ఎవరూ అంతసేపు నవ్వడమూ లేదు.