ఇల్లుందా అని అడిగింది

నాకు సంతకం తప్ప రాయరాదు. నేను చెబుతుంటే ఇంకొకరు రాస్తున్నారు.

పాలమూరు బస్టాండు దగ్గర, ఇల్లు లేనివాళ్ల కోసం మున్సిపాలిటీ నడిపే షెల్టర్‌లో నాకొక మంచం ఉంది. హోటల్లో గిన్నెలు తోమి వచ్చి దాని మీద నడుము వాలుస్తాను. అంతకుముందు ఏడాది పైన బస్టాండు బండల మీదే పడుకున్నాను. ఆ మంచం అంటే ఏమిటో నాకు తెలుసు.

ఒకరోజు పొద్దున హైదరాబాద్ నుంచి ఆఫీసరమ్మ వచ్చింది. నిజంగా ఇల్లు లేనివాళ్లు ఎందరున్నారో రాసుకుపోతే, దాన్ని బట్టి సర్కారు షెల్టర్‌కు సాయం చేస్తుందట. వరసలో నా వంతు వచ్చింది.

"అవ్వా, నీకు ఇల్లుందా?"

"ఉంది బిడ్డా."

అబద్ధం చెప్పాలని కాదు. మా అత్త ఇంట్లో దేన్నీ ఎన్నడూ 'లేదు' అనేది కాదు, అట్లా అంటే అరిష్టమని. ఉప్పు అయిపోయినా, తేవాలె అనేది. నా నోటికీ అదే అలవాటైంది.

"ఎన్ని అర్రలు?"

"రెండు. ముందల మేకల కొట్టం. నా పెనిమిటే మట్టి తొక్కి గోడలు పెట్టిండు. తలుపు పొట్టిగ పెట్టిండు. ఎందుకయ్యా అంటే, 'నువ్వు నాకు దండం పెట్టుకుంటనే లోపలికి రావాలె' అని నవ్విండు."

అడగనివి కూడా చెప్పాను. పొయ్యి ఎటు పక్కన ఉండేదో, పొద్దున ఎండ ఎక్కడ పడేదో. ఎన్నేళ్లకో ఒక మనిషి నా ఇంటి ముచ్చట అడిగింది మరి. ఆమె వింటూనే నా పేరు మీద గీత కొట్టింది.

షెల్టర్ చూసుకునే ఆమె నన్ను బయటికి గుంజుకుపోయింది.

"ఏం పని జేసినవవ్వా! ఇల్లున్నోళ్లకు ఈడ జాగా ఇయ్యరు. ఇగ సంచి సర్దుకుంటవా?"

నా పక్క మంచం ఆమె నోరు ఊరుకోదు. "రెండర్రల దొరసానివి గదనే, మమ్ముల గూడ తోల్కపో!"

ఆఫీసరమ్మ చాయ్ తాగుతుంటే పోయి ఎదురుగా నిలబడ్డాను.

"బిడ్డా, ఆ ఇల్లు వానలకు కూలింది. ఆయన కాలం జేసిన యేడే. ఒక్క గోడ నిలబడ్డది."

"మరి ఇల్లు లేనట్టే గదా అవ్వా?"

"తలుపు చౌకట్ గూడ ఉండె. ఎవలో పట్కపోయిన్రు."

"నీ నోటితోని చెప్పాలె. ఉందా, లేదా?"

కలం పట్టుకుని చూస్తోంది.

"లేదు," అన్నాను.

మళ్లీ పేరు రాసుకుంది. మంచం నిలిచింది.

షెల్టర్ తలుపు ఎత్తైనది. ఎంత పొడుగు మనిషైనా నిటారుగా రావచ్చు. నేను మాత్రం ఇప్పటికీ వంగే వస్తాను.

"ఎవలికే దండం పెడుతున్నవ్?" అంటుంది పక్క మంచం ఆమె.

"నీకు గాదు తియ్," అంటాను.