తీసేసిన ఊపిరి

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాడికి దగ్గన్నా, తుమ్మన్నా, ఊపిరి చప్పుడన్నా గిట్టదు. వినిపించిందా, కత్తిరించి పారేయాల్సిందే. మనవాడికి ఆ పనిలో మంచి పేరుంది. ఆ పనితనమే అతని కొంప ముంచింది.

అత్తగారి భాష మాట్లాడేవాళ్లలో చివరికి ఆవిడొక్కతే మిగిలింది. ఫోన్లో నొక్కితే ఆ మాటలు వినిపించేలా యాప్ చేద్దామని అల్లుడు నడుం కట్టాడు. గదిలో ఫ్యాన్ ఆపేసి, కిటికీకి దుప్పటి కట్టి, ఆవిడ ముందు మైకు పెట్టాడు.

"ఈ ఉక్కలో మా భాష కంటే ముందు నేనే పోయేట్టున్నాను బాబూ" అని ఆవిడ వేళాకోళమాడింది.

భార్యకు ఆ భాష అర్థమవుతుంది గానీ నోరు తిరగదు. బళ్లో పిల్లలు వెక్కిరిస్తున్నారని, నాతో ఆ భాషలో మాట్లాడొద్దని చిన్నప్పుడే తల్లి నోరు మూయించింది. ఇన్నేళ్లకు అది గుచ్చుకుంటోంది. ఎదురుపడి అడిగే ముఖం లేక, నన్ను క్షమించిందేమో మీరే అడగండని మొగుణ్ణి పురమాయించి ఆసుపత్రిలో డ్యూటీకి వెళ్లిపోయింది.

అడిగాడు. ఆవిడ దుప్పటి వైపు చూస్తూ కూర్చుంది. ఇక మాట్లాడదులే అనుకుని మైకు ఆపేశాడు. సాయంత్రం భార్యతో, ఏమీ అనలేదని చెప్పాడు. ఆమె మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఆ ఏడు చలికాలంలోనే ముసలావిడ పోయింది.

అతను రికార్డింగులన్నీ శుభ్రం చేసి, కంప్యూటర్లో చోటు చాలక అసలువి చెరిపేశాడు. యాప్ బయటికొచ్చింది. తల్లి గొంతు వినే గుండె లేక భార్య దాన్ని తెరవనే లేదు.

ఒకరోజు అతని పాత ఫోన్లో శుభ్రం చేయని ముక్కొకటి బయటపడింది. టీ తాగుతారా అని అతను అడగడం, ఆవిడ చటుక్కున ఊపిరి లోపలికి పీల్చడం, అంతే. కూరలు తరుగుతున్న భార్య నవ్వింది.

"అవునంటోంది. మా అమ్మవాళ్లలో అవుననడానికి మాటుండదు, అలా పీలుస్తారంతే."

అతను ఫోన్ కింద పెట్టేశాడు. చప్పుడనుకుని అలాంటివన్నీ తీసేశానని ఎలాగో చెప్పాడు. ఆ యాప్‌లో 'కాదు' అనే మాట ఉంది, 'అవును' లేదు.

కత్తిపీట మీద ఆమె చెయ్యి ఆగింది. "నా గురించి అడిగిన రోజు కూడా అమ్మ ఇలాగే పీల్చిందా?"

అతనికి నిజంగా గుర్తులేదు. ఎన్ని కత్తిరించాడో, వాటిలో అది ఉందో లేదో. తనకు తెలియకుండానే గబుక్కున ఊపిరి లోపలికి లాగాడు.

ఆమె కళ్లు తుడుచుకుంది. "చాలండీ" అంది.

అది జవాబు కాదని చెప్పడానికి అతనికి ఇప్పటికీ నోరు రాలేదు.