లంగరు బావగారి ఓడ

ముందుగా ఒక నిజం చెప్పేస్తాను. కొల్లేట్లో ఆ రోజు దోనె ముంచింది మా బావగారు కాదు, నేను. ఈ ముక్క ముప్పయ్యేళ్ళ కిందటే చెప్పి ఉంటే ఒక్క నిమిషంలో అయిపోయేది. చెప్పకుండా ఉండడానికి మాత్రం ఇన్నేళ్ళూ కష్టపడ్డాను. ఆ వయసులో అబద్ధాలకి ఆయుష్షు తక్కువనుకునేవాణ్ణి. అక్క పెళ్ళి సందడి తగ్గితే ఎవరికి గుర్తుంటుందిలే అనుకున్నాను. మా బంధువుల జ్ఞాపకశక్తి మీద నాకు అప్పటికింకా సరైన అంచనా లేదు. (నా ఉద్యోగం కూడా తగినదే దొరికింది. ఏలూరులో వాహన ప్రమాదాలు చూసే ఇన్సూరెన్సు సర్వేయరుని. దెందులూరు దగ్గర హైవే మీద ఆగి ఉన్న లారీని గుద్దినవాడు కూడా 'లారీయే వెనక్కొచ్చిందండీ' అంటాడు. నేను వాణ్ణి కోప్పడను. ఆ మాట అనడం ఎంత తేలికో, అన్నాక వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు.)

మా అక్క పెళ్ళయి నెల తిరగలేదు. అక్కది తాడేపల్లిగూడెంలో హైస్కూలు టీచరుద్యోగం. బావగారు పెంటపాడు వైపు ఒక రైస్ మిల్లులో సూపర్‌వైజరు. మంచి భారీ మనిషి. మిల్లులో ఆయన పక్కన నిలబెడితే ధాన్యం బస్తాలు చిన్నపిల్లల్లా కనిపించేవి. మాట మాత్రం ఎంత మెత్తనో! మా నాన్న పుట్టింది కొల్లేటి లంకలో. అక్కడున్న మా పెదనాన్న, కొత్త అల్లుణ్ణి పిలిచి భోజనం పెట్టకపోతే నలుగురిలో తలెత్తుకోలేనని కబురు పెట్టాడు. అక్క ముందురోజే వెళ్ళిపోయింది. బావగారిని తీసుకెళ్ళే పని నాకు పడింది. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. అంటే నాకు తెలియనిది లేదు.

ఇప్పుడంటే లంక దాకా రోడ్డుంది. ఆ రోజుల్లో తాటిమాను తొలిచి చేసిన దోనె ఎక్కాల్సిందే. పెదనాన్న పంపిన మనిషి మమ్మల్ని చూసి, "టీ తాగొచ్చేస్తానండీ, కూర్చోండి" అన్నాడు. "నువ్వు నెమ్మదిగా తాగిరా. మాది కొల్లేటి రక్తం, నాకు గెడ వేయడం రాదేంటి?" అని దోనె విప్పేశాను. (ఆ రక్తం ఏలూరు పవరుపేటలో పుట్టి పెరిగింది. అంతకు ముందు గెడ పట్టుకుంది రెండే రెండుసార్లు, అదీ ఒడ్డు మీద.) బావగారు నాకు వీపు పెట్టి, ఒక చేత్తో అంచు పట్టుకుని, దోనె మధ్యలో కుండలా కదలకుండా కూర్చున్నారు. ఆయన ఒళ్ళో కొత్త గోడ గడియారం. లంకలోని మా ప్రార్థన మందిరానికి కానుకగా తెచ్చారు. "మీరు కూడా కూర్చునే గెడ వేయండి బాబూ," అన్నారు. అప్పటికింకా నన్ను మీరు అనేవారు.

లంక దగ్గరపడేసరికి ఒడ్డున జనం కనిపించారు. కొత్త అల్లుడొస్తున్నాడంటే లంకంతా రాదూ! అంతమంది చూస్తుంటే కూర్చుని గెడ వేయడం నాకు నామోషీ అనిపించింది. లేచి నిలబడ్డాను. ఒక చేత్తో గెడ పట్టుకుని రెండో చెయ్యి ఊపాను. ఆ తర్వాత నాకు ఆకాశం కనిపించింది, ఆ తర్వాత గుర్రపుడెక్క వేళ్ళు కనిపించాయి. "అయిపోయింది, చచ్చిపోయాను," అనుకుంటూ కాళ్ళూ చేతులూ కొట్టుకుంటుంటే ఎవరో చొక్కా కాలరు పట్టుకుని పిల్లిపిల్లని ఎత్తినట్టు పైకెత్తారు. చూస్తే బావగారు. నీళ్ళు ఆయనకి నడుము దాకా ఉన్నాయి. (నాకు కూడా నడుము దాకానే. నిలబడాలన్న సంగతి తోచలేదంతే.)

నేను లేచి చెయ్యి ఊపడం, దోనె తిరగబడడం ఒడ్డువాళ్ళకి కనిపించాయి కానీ అది ఎవరివల్ల ఒరిగిందో తెలియలేదు; ఎవరు ఎవర్ని లేపారో దట్టమైన డెక్క చాటున కనపడలేదు. మోకాలి దాకా నీళ్ళలోకి వచ్చేసిన పెదనాన్న, "ఏం జరిగిందిరా?" అని అరిచాడు. నేను నోట్లో డెక్క ఆకు ఉమ్మేసి, "బావగారు ఒక్కసారిగా కదిలారు పెదనాన్నా, దోనె ఆగలేదు. ఎలాగో చెయ్యందించి లాక్కొచ్చాను," అన్నాను. ఆలోచించి అన్న మాట కాదు. దానంతటదే వచ్చేసింది. బావగారు నా వైపు చూశారు. గడియారంలోంచి నీళ్ళు వంపుకుంటూ నడిచారు.

అక్కడే చిక్కొచ్చిపడింది. మా వైపు కొత్త అల్లుడికి అలగడం ఒక హక్కు. చారులో ఉప్పు తగ్గినా అలగొచ్చు. అలక తీర్చడానికి మా పెద్దమ్మ ముందే కొత్త పంచెల చాపు కొని సిద్ధంగా పెట్టింది. ఈయన అలగలేదు. తడిబట్టలు మార్చుకుని, పెట్టిందంతా తిని, "కొర్రమీను పులుసు బావుందండీ," అన్నారు. పెద్దమ్మ వంటింట్లో తీర్పు చెప్పేసింది. "తప్పు తనది కాకపోతే ఏ అల్లుడైనా ఊరుకుంటాడా అమ్మా? ఆ ఒళ్ళుకి దోనె ఆగుద్దా పాపం!" సాయంత్రానికల్లా ఆయన పేరు లంగరు బావ అయింది. ఆగిపోయిన గడియారాన్ని పెదనాన్న అలాగే మందిరంలో గోడకి తగిలించి, వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. "అది మా అల్లుడు మునిగిన టైమండీ!" నా పెళ్ళిచూపుల్లో కూడా మా అమ్మ, "మావాడు బావగారిని కొల్లేట్లోంచి లాక్కొచ్చాడండీ," అంది. పెళ్ళికూతురు కళ్ళెత్తి నన్ను మొదటిసారి చూసింది ఆ మాటకే. ఇక నిజం చెప్పడం ఎలా కుదురుతుంది?

ఇన్నేళ్ళ తర్వాత అసలు కథ మధ్యధరా సముద్రం దగ్గర మొదలైంది. అక్క ఈమధ్యే రిటైరైంది. సర్వీసంతా సోషల్ చెప్పింది. మ్యాపు మీద కర్ర పెట్టి, "ఇదీ మధ్యధరా సముద్రం. ఇక్కడ వేసవిలో వానలుండవు, ఆలివ్ తోటలుంటాయి," అని ఎన్ని క్లాసులకి చెప్పిందో. "కర్ర పెట్టిన చోట ఒక్కసారి కాలు పెట్టాలిరా," అంది. మేం రెండు జంటలం వెళ్దామనుకున్నాం. ముందు బార్సిలోనాలో మూడు రోజులు, తర్వాత వారం రోజులు ఓడ, దిగాక రోములో మూడు రోజులు. మాలో ఎవరికీ అంతకు ముందు ఓడ ఎలా ఉంటుందో తెలియదు. గూడెంలో అక్క వాళ్ళ ముందుగదిలో కూర్చుని, ఫోను స్పీకరులో పెట్టి, విజయవాడ ట్రావెల్స్ ఆయనతో మాట్లాడాం.

"ఓడ సాయంత్రం కదండీ, పొద్దున దిగితే సరిపోదా? అన్ని రోజులు ముందెందుకు?" అంది మా ఆవిడ.

"విమానం లేటైతే ఓడ ఆగదు మేడమ్."

"మన గణపవరం బస్సనుకున్నావా, చెయ్యెత్తితే ఆగడానికి?" అంది అక్క. "అలసట తీర్చుకుని ఎక్కుదాం. దిగాక రోము చూడకపోతే నేను చెప్పిన పాఠాలకి అర్థమే లేదు."

నేను బాల్కనీ గది కావాలన్నాను. మా ఆవిడ ఓడలో పెరుగు దొరుకుతుందా అంది. అంతసేపూ మాట్లాడని బావగారు ఫోను వైపు కొంచెం వంగి, "ఏవండీ, ఎక్కేటప్పుడు మనుషుల బరువు చూస్తారాండీ?" అన్నారు.

"ఓడలో సామాను బరువే చూడరు సార్."

"అది కాదండీ. ఒక పక్కన బరువు ఎక్కువైతే..."

అందరం నవ్వాం. "ఊరంత ఓడ అన్నయ్యగారూ, మీకేం భయం లేదు," అంది మా ఆవిడ. ఆయన కూడా నవ్వారు. కానీ ఆయన చెయ్యి కుర్చీ అంచుని గట్టిగా పట్టుకుని ఉంది. ఆ రోజు దోనె అంచుని పట్టుకున్నట్టే. నా నవ్వు సగంలో ఆగిపోయింది. నరసాపురం రేవులో మేమంతా పంటు ఎక్కి అవతలికి వెళ్ళిన రోజు గుర్తొచ్చింది. ఈయన ఒడ్డున కూర్చుని అందరి సామానుకీ కాపలా ఉన్నారు. "లంగరు ఒడ్డునే ఉందిలే," అని జోకు వేసింది కూడా నేనే. ఆటో ఎక్కితే సరిగ్గా మధ్యలో కూర్చుంటారు. పెళ్ళిళ్ళలో ప్లాస్టిక్ కుర్చీని ముందు చేత్తో నొక్కి చూస్తారు. నేను అదంతా ఆయన స్వభావమనుకున్నాను.

రెండు రోజులకి బావగారు ఒక ప్లాను చెప్పారు. "ముందు ఊరూ, వెనకూరూ నాకు. మధ్యలో సముద్రం మీకు. బార్సిలోనా నుంచి రోముకి ఒడ్డెంబడి రైళ్ళున్నాయంట. ఓడ దిగేసరికి నేను రేవులో ఉంటా." ఎంత హాయిగా చెప్పారంటే నాకు ఒక్క క్షణం బాగానే ఉందనిపించింది. అక్క మాత్రం పరిచిన మ్యాపు మడిచేసింది. "నేను ఓడలో, మీరు రైల్లోనా? ఎవరన్నా వింటే నవ్విపోతారు. మీరు రాని సముద్రం నాకెందుకండీ? ఒరేయ్, ఆయనకి ఫోన్ చేసి మొత్తం వద్దని చెప్పెయ్యి." ఆ మ్యాపుని బీరువా మీదకి తోసేసినప్పుడు అక్క మొహం చూశాను. ముప్పయ్యేళ్ళ కిందట ఒడ్డు మీద నా పరువు కాపాడుకోవడానికి అన్న ఒక్క మాట, ఇప్పుడు వచ్చి మా అక్క సముద్రాన్ని మింగేస్తోంది. ట్రావెల్స్ ఆయనకి వెంటనే ఫోన్ చెయ్యలేదు. నెట్‌వర్కు లేదన్నాను. (మళ్ళీ అబద్ధం. కానీ ఈసారి మంచి పక్షాన.)

ఆ ఆదివారం అక్క రిటైర్మెంటుకి లంక మందిరంలో కృతజ్ఞతా కూడిక. కారులో వెళ్ళాం కాబట్టి బావగారూ వచ్చారు. పాట అయింది, ప్రార్థన అయింది. పాస్టరుగారు, "సాక్ష్యం చెప్పేవాళ్ళుంటే లేవండి," అన్నారు. మా వాళ్ళలో సాక్ష్యమంటే దేవుడి దయవల్ల జ్వరం తగ్గడం, ఉద్యోగం రావడం లాంటివి చెబుతారు. నేను లేచాను. ఎదురుగా గోడ మీద ఆ గడియారం. గొంతు సవరించుకుని దోనె విప్పడం దగ్గర్నుంచి డెక్క ఆకు ఉమ్మడం దాకా మొత్తం చెప్పేశాను. అలవాటున్నవాణ్ణి కదా, రసవత్తరంగానే చెప్పాను. పిల్లిపిల్ల దగ్గర మందిరమంతా నవ్వింది. వినికిడి తగ్గిన పెదనాన్న ముందు వరసలోంచి, "ఏంటంటాడు?" అన్నాడు. పక్కనున్నవాళ్ళు, "ఆ రోజు దోనె ముంచింది వీడేనంట!" అని లంకంతా వినపడేలా చెప్పారు. "ఓరి నీ! అయితే ఇన్నాళ్ళూ ఆ గడియారం చూపించి ఒకరికి బదులు ఒకరి పేరు చెప్పానంట్రా?" అని పెదనాన్న చేతికర్ర ఎత్తాడు. మా ఆవిడ నన్ను పైనుంచి కింద దాకా చూసి, "అయితే మీకు ఈత రాదా?" అంది. రాదన్నాను. "మీ ధైర్యం చూసుకుని ఓడ ఎక్కుదామనుకున్నానండీ నేను," అంది. ఏమైతేనేం, గుండెల మీంచి ధాన్యం బస్తా దించినట్టయింది. భోజనంలో రెండుసార్లు పులుసు వేయించుకున్నాను.

చేతులు కడుక్కుంటుంటే బావగారు పక్కకొచ్చారు. "బాగా చెప్పావోయ్ బామ్మర్దీ. అందరూ నవ్వారు," అన్నారు. అంతే అన్నారు. ఆయన అటు నడిచాక నాకు అర్థమైంది. అందరికీ కథ చెప్పాను. ఆయనకి చెప్పాల్సిన మాట మాత్రం ఇంకా చెప్పలేదు. వెనకే వెళ్ళాను. ఒడ్డున దోనె కట్టి ఉంది. ఆయన దాన్ని చూస్తూ నిలబడ్డారు.

"ఒకసారి కూర్చుని చూద్దామేంటి? ఓడెక్కే ముందు అలవాటవ్వాలిగా," అన్నారు.

"మీరు ఓడ ఎక్కుతారా బావగారూ?"

"మీ అక్క మ్యాపు మళ్ళీ కిందకి దించాలి కదా."

దోనె విప్పలేదు, కట్టే ఉంచాం. ఆయన మధ్యలో కూర్చున్నారు, రెండు చేతులూ అంచుల మీద. నేను చివర కూర్చున్నాను. దోనె కొంచెం ఊగి నిలబడింది. దూరంగా డెక్క మీద కొంగలు నడుస్తున్నాయి. ఆయన ఒక చెయ్యి తీశారు. కాసేపటికి రెండోదీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. అది చూసేసరికి నేనిక ఆగలేకపోయాను. ఇలాంటి మాట కూర్చుని చెబితే మర్యాద కాదనిపించి, చేతులు జోడించి లేచి నిలబడ్డాను.

"బావగారూ..."

దోనె ఒక పక్కకి ఒరిగింది. ఆయన రెండు చేతులూ మళ్ళీ అంచుల మీదకి వెళ్ళాయి.

"ముందు కూర్చోవయ్యా బాబూ! కూర్చుని చెప్పు!"

కూర్చున్నాను. ఏభై దాటాక నాకు ఒంటబట్టిన తెలివి అది. నీళ్ళు సర్దుకునేదాకా ఆగి, ఈసారి జోకులేమీ లేకుండా చెప్పాను.

"మీ బరువు వల్ల కాదు బావగారూ. ఆ రోజూ ఇలాగే నేనే లేచాను. నన్ను క్షమించండి."