మధ్యాహ్నం దాకా ఆఫీసరు

మా అక్క మొగుడు టెలిఫోన్ కంపెనీలో మేనేజరు. ఎవరి మీద మేనేజరు అని మాత్రం అడగకండి, ఆ మాటకి ఆయనకి ఒళ్ళు మండుతుంది. బావమరిదిని కాబట్టి నేను రోజూ అడుగుతాను.

ఒకప్పుడు ఆయన గది నిండా మనుషులుండేవారు. ఆయనది రిపేర్ల సెక్షన్. పక్క గది కొత్త కనెక్షన్ల సెక్షన్, దానికింకో మేనేజరు. మా ఇంట్లో ఆయన్ని కనెక్షన్లాయన అనేవాళ్ళం. పెద్ద కిటికీ ఉన్న గది ఎవరికి రావాలన్న గొడవలో ఇద్దరికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చాక కొత్త కనెక్షన్ అడిగేవాడు లేడు, పాతది చెడితే పట్టించుకునేవాడూ లేడు. కంపెనీ స్టాఫుని ఒక్కొక్కరినే వేరే చోటికి లాగేసుకుంది. చివరికి రెండు గదులు, ఇద్దరు మేనేజర్లు, బోలెడు కుర్చీలు మిగిలాయి. అప్పుడు హెడ్డాఫీసు ఒక రూలు పెట్టింది. కింద ఒక్క మనిషైనా లేని మేనేజరు పోస్టు రద్దు.

ఆ దెబ్బకి ఉప్పూ నిప్పూ ఏకమయ్యాయి. ఆయన కింద ఈయన చేరాడు, ఈయన కింద ఆయన చేరాడు. హెడ్డాఫీసు కంప్యూటరు కిమ్మనలేదు.

పేరుకి చేరి ఊరుకుంటే ఆయన మా బావ ఎందుకవుతాడు? ఇద్దరూ రోజుని వాటాలేసుకున్నారు. భోజనం దాకా మా బావ ఆఫీసరు. భోంచేసి చెయ్యి కడుక్కోగానే తారుమారు. పొద్దున మా బావ కూర్చుని చివాట్లు పెడితే కనెక్షన్లాయన చేతులు కట్టుకుని నిలబడేవాడు. మధ్యాహ్నం అవే చివాట్లు, ఇంకో రెండు కలిపి, మా బావ నిలబడి తినేవాడు. ఒక ఏడాది ప్రతి సెక్షనూ ఒక ఉత్తమ ఉద్యోగినీ, ఒక బద్ధకస్తుణ్ణీ చూపించాలన్నారు. ఉన్నది ఒక్కడే కాబట్టి మా బావ కనెక్షన్లాయన చేతికే పూలగుత్తి ఇచ్చి, ఆ చేతికే మెమో ఇచ్చాడు. సాయంత్రం అదే పూలగుత్తితో, ఇంకో మెమోతో ఇంటికొచ్చాడు. "ఆ ముసలి నక్కకి మనుషుల చేత పని చేయించుకోవడం చేతకాదే," అని అక్క దగ్గర వాపోయాడు.

ఇందులో ఒక చిక్కుంది. రోజూ పదింటికి హెడ్డాఫీసు ఫోన్ చేసి రెండు సెక్షన్ల హాజరూ అడుగుతుంది. ముందు మేనేజరు మాట్లాడాలి, తర్వాత ఉద్యోగి పలకాలి. ఇద్దరిలో ఒకడు సెలవు పెట్టాడా, ఆ రోజు రెండోవాడి కింద ఎవరూ లేనట్టే. వాడి పోస్టు ఎగిరిపోతుంది. వాడు ఎగిరితే మొదటివాడి కిందా ఎవరూ ఉండరు. అందుకని జ్వరమొచ్చినా ఇద్దరూ మూలుగుతూ ఆఫీసులోనే కూర్చునేవారు.

అలాంటి రోజుల్లో అక్కకి ఆపరేషన్ చెయ్యాలన్నారు. కడుపులో రాళ్ళు. దేనికీ జంకని మనిషి, ఆస్పత్రి అంటే మాత్రం వణుకుతుంది. "లోపలికి తీసుకెళ్ళేదాకా నా చెయ్యి వదలకండి. ఇంకేమీ అడగను," అంది. బావ ముఖం చూశాక ఆటపట్టించడానికి నాకు నోరు రాలేదు.

మధ్యాహ్నం వెళ్ళి సెలవడిగాడు. ఇవ్వనన్నాడు ఆఫీసరు. "ఇస్తే ఇద్దరం రోడ్డున పడతాం. ఈ వయసులో నాకెవరిస్తారయ్యా ఇంకో ఉద్యోగం?" అన్నాడు. అదీ నిజమే. చివరికి తెలిసిన విద్యే వాడారు. ఆపరేషన్ రోజున ఆఫీసు ఫోన్ని బావ సెల్‌కి మళ్ళించి ఇద్దరూ ఆస్పత్రికే వచ్చేశారు. హాజరు పదింటికి, ఆపరేషన్ పదకొండింటికి. ఢోకా లేదనుకున్నాం.

డాక్టరు తొందరపడ్డాడు. పదింటికే స్ట్రెచర్ వచ్చేసింది. అక్క బావ రెండు చేతులూ గట్టిగా పట్టేసుకుంది. అప్పుడే బావ చొక్కా జేబులో ఫోన్ మోగింది.

"తియ్యండి సార్," అన్నాను కనెక్షన్లాయనతో.

"ఆఫీసరు గారి జేబులో నేను చెయ్యి పెట్టకూడదు బాబూ. మధ్యాహ్నం దాకా ఆయనే," అన్నాడు, చేతులు కట్టుకుని.

ఆ మనిషి పీక పిసకాలనిపించింది. చేతులు విడిపించుకోవడం బావకి చిటికెలో పని. అక్కకీ ఆ సంగతి తెలుసు, అందుకే ఆయన ముఖంలోకే చూస్తోంది. ఫోన్ మోగుతూనే ఉంది.

"నా భోజనం అయిపోయింది," అన్నాడు బావ. "మధ్యాహ్నమైంది. ఇక మీరే ఆఫీసరు. నాకు సెలవివ్వండి సార్."

కనెక్షన్లాయన గోడ గడియారం చూశాడు. అక్క చేతులు చూశాడు. మెల్లగా బావ జేబులోంచి ఫోన్ తీశాడు.

"నా కింది ఉద్యోగి ఇవాళ సెలవులో ఉన్నాడండీ," అన్నాడు. అవతల ఏదో గట్టిగా అడిగారు. "తెలుసండీ. నేనే ఇచ్చాను."

స్ట్రెచర్ కదిలింది. తలుపు దాకా బావ చేతులు అక్క చేతుల్లోనే ఉన్నాయి.

సాయంత్రానికి కంప్యూటరు ఇద్దరినీ తీసిపారేసింది. అక్క కళ్ళు తెరిచేసరికి ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని ఉన్నారు.

"ఎవరండీ ఆయన?" అంది మత్తుగా.

ఇక లేవాల్సిన పని లేకపోయినా బావ లేచి నిలబడ్డాడు.

"మా ఆఫీసరు గారు," అన్నాడు.